వింటినారి మోత తగ్గించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఉండేది మిషిగన్‌లో. పట్టేది చక్రాలు లేని పాతకాలపు విల్లు: ఒక రికర్వ్ (కొసలు ముందుకి వంగి ఉండేది), ఒక లాంగ్‌బో (ఆ వంపు లేని పొడుగు విల్లు). ఇక్కడ అక్టోబరు 1న విల్లుతో జింకల వేట మొదలవుతుంది. సెప్టెంబరు రెండో వారం నుంచే నా వాట్సాప్‌కి మనవాళ్ళ ఆడియో క్లిప్పులు రావడం మొదలవుతుంది. ఒక్కొక్కటీ రెండు సెకన్లు. ఠంగ్! దాని కింద "అన్నా, ఇది మామూలేనా?" అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, ఇదంతా ఒకచోట రాశాను.

ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఇది పనికొస్తుందా?

వేటకి పనికిరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో వేట నేరం. తుపాకీ అయినా, విల్లయినా, ఉచ్చయినా ఒకటే. సంక్రాంతి వెళ్ళాక అహోబిలం పారువేటలో స్వామివారు బయల్దేరతారు గానీ మనం బయల్దేరకూడదు. గురికి కొట్టే సరదా ఉన్నవాళ్ళు మాత్రం ఇందులో చెప్పినవన్నీ నిక్షేపంగా వాడుకోవచ్చు. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళకీ విల్లుతో వేట కుదరదు, అక్కడా నిషేధమే. అమెరికాలో ఏ రాష్ట్రం పద్ధతి దానిదే: లైసెన్సు, వేటగాళ్ళ సేఫ్టీ కోర్సు, విల్లు లాగడానికి పట్టే బలం కనీసం ఎన్ని పౌండ్లుండాలి, అన్నీ మారతాయి. మీ రాష్ట్రం వేసే నియమాల పుస్తకం చదివాకే మిగతాది.

అసలు ఈ మోత ఎక్కణ్ణుంచి వస్తుంది?

మీరు లాగినప్పుడు విల్లులో దాచిన శక్తి అంతా బాణానికి చేరదు. చేరగా మిగిలింది ఎక్కడికో పోవాలి కదా. బాణం నారిని వదిలిన క్షణంలో విల్లు రెండు కొమ్మలూ (పిడికి పైనా కిందా వంగే భాగాలు) దబ్బున ఆగుతాయి, నారి బిగుసుకుంటుంది, మిగిలిన శక్తి అటూ ఇటూ ఊగుతూ శబ్దంగా బయటికి వస్తుంది. అంటే మోత అనేది బాణం మోసుకెళ్ళకుండా వదిలేసిన బాకీ. ఇది పట్టుకుంటే కింది జవాబుల్లో సగం మీరే చెప్పేస్తారు. బాణం ఎక్కువ తీసుకెళ్ళేలా చెయ్యడం మొదటి పని. మిగిలినదాన్ని మెత్తగా చావనివ్వడం రెండోది. చాలామంది రెండోదానితో మొదలుపెట్టి డబ్బు తగలేస్తారు. నేనూ తగలేశాను.

కొంచెం మోత ఉంటే ఏమైంది? బాణం వేగంగానే పోతుందిగా!

శబ్దం ముందు ఆ వేగం ఎందుకూ చాలదు. సంప్రదాయ విల్లు బాణం సెకనుకి 170 అడుగులు పోతుందనుకుందాం. శబ్దం 1,100 అడుగులు పైనే పోతుంది. 20 గజాల్లో ఉన్న జింకకి నారి మోత 0.05 సెకన్లలో వినిపిస్తే, బాణం చేరేసరికి 0.35 సెకన్లు. మధ్యలో దానికి 0.3 సెకన్ల సమయం దొరికినట్టు. ఉలిక్కిపడటానికి అందులో 0.1 పోయిందనుకున్నా, మిగిలిన 0.2 సెకన్లలో కిందికి పడే ఏ వస్తువైనా దాదాపు 20 సెంటీమీటర్లు దిగుతుంది. జింక ఊపిరితిత్తుల గురి మొత్తం అంతే ఉంటుంది, ఒక టిఫిన్ ప్లేటంత.

జింక పైకి దూకుతుందని అందరూ అనుకుంటారు. దూకడానికి ముందు కాళ్ళు ముడిచి కిందికి దిగుతుంది. బాణం వీపు మీదుగా పోవడానికి కారణం అదే.

నాలుగేళ్ళ కిందటి నవంబరు. ఆడజింక, 22 గజాలు, ఓక్ చెట్టు కింద రాలిన కాయలు ఏరుకు తింటోంది. వదిలాను. ఠంగ్. బాణం దాని వీపు వెంట్రుక కూడా తగలకుండా వెళ్ళి వెనకాల పుచ్చిన దుంగలో దిగింది. జింక నాలుగు గెంతులు గెంతి, ఆగి, ఒకసారి వెనక్కి చూసి, తెల్లతోక ఎత్తి ఊపుతూ వెళ్ళిపోయింది. గురి తప్పానని వారం రోజులు నన్ను నేను తిట్టుకున్నాను. తర్వాత చెట్టుకి కట్టిన కెమెరాలో చూస్తే బాణం నేను చూసిన చోటికే వెళ్ళింది. అక్కడ జింకే లేదు, పొట్ట ఆకుల్ని తాకేంత కిందికి దిగిపోయి ఉంది. ఈ సంగతి ఫోన్లో చెబితే మా అమ్మ "పోనీలే, మంచి పని చేసింది" అంది. నన్ను కాదు, జింకని.

అదే జింక 15 గజాల్లో ఉంటే లెక్క వేరు. తేడా 0.22 సెకన్లకి తగ్గుతుంది, ఉలికిపాటు పోగా అది దిగగలిగేది 8 సెంటీమీటర్లు కూడా ఉండదు. నారికి ఎంత మంచి సైలెన్సర్ (మోత తగ్గించే కుచ్చు) కట్టినా ఐదు గజాలు దగ్గరికి వెళ్ళినంత లాభం ఉండదు.

విల్లుని పూర్తిగా నిశ్శబ్దం చెయ్యొచ్చా?

కుదరదు, అవసరమూ లేదు. కావలసింది ఠంగుమనేదాన్ని దుబ్బుమనేలా మార్చడం. తెల్లతోక జింక చెవి 4 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య బాగా పదునుగా ఉంటుంది, మన చెవి పదునుకన్నా పై స్థాయిలో. సన్నగా, లోహం మోగినట్టుండే కూతకి అది వెంటనే ఉలిక్కిపడుతుంది. మెత్తటి దుబ్బు శబ్దం అడవిలో కొమ్మ విరిగి నేలమీద పడ్డట్టు కలిసిపోతుంది. అందుకే రెండు విల్లులు మనకి ఒకేలా గట్టిగా వినిపించినా జింకకి అవి ఒకటి కావు.

మూడు రకాల సైలెన్సర్లు కొని కట్టాను, అయినా మోగుతోంది. ఎందుకు?

నా కథే ఇది. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు, ఎనభై దగ్గర పడ్డాయి, ఇప్పటికీ తన విల్లు తనే చెక్కుకుంటాడు. నా రికర్వ్ తీసుకెళ్ళి చూపించాను. ఒక్క బాణం వెయ్యమన్నాడు, కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత నారి దింపి, నేను కట్టిన మూడు జతల సైలెన్సర్లూ ఒక్కొక్కటే ఊడదీసి నా జాకెట్ జేబులో పెట్టాడు. మళ్ళీ నారి ఎక్కించి స్కేలు పెట్టి కొలిచాడు. పిడి లోతైన చోటు నుంచి నారి దాకా 6.5 అంగుళాలు. ఆ విల్లుకి తయారీదారు చెప్పింది 7.5 నుంచి 8.25. నారికి ఓ పదిహేను మెలికలు ఎక్కించి 7.75కి తెచ్చాడు. ఇప్పుడు వెయ్యి అన్నాడు. వేశాను. ఒక్క సైలెన్సర్ లేకుండానే సగం మోత పోయింది.

ఆ దూరాన్నే బ్రేస్ హైట్ అంటారు. అది తక్కువైతే నారి బాణాన్ని ఎక్కువసేపు అంటిపెట్టుకుంటుంది, వేగం కొద్దిగా పెరుగుతుంది, కానీ నారి వదులుగా కొట్టుకుంటుంది, ముంజేతికీ తగులుతుంది. మరీ ఎక్కువైతే వేగం పడిపోతుంది, కొమ్మల మీద భారం పెరుగుతుంది. వేట రికర్వ్‌లకి మామూలుగా 7.5 నుంచి 8.5 అంగుళాలు, లాంగ్‌బోలకి 6 నుంచి 7.5. మీ విల్లుకి ఎంతో తయారీదారు చెప్పిందే ప్రమాణం.

బ్రేస్ హైట్ మార్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

నారి దింపడానికి, ఎక్కించడానికి స్ట్రింగర్ తాడే వాడండి. కాలి మధ్య దూర్చి వంచితే కొమ్మ మెలి తిరుగుతుంది, కొన్నిసార్లు మొహానికీ తగులుతుంది. నారి ఇప్పటికే ఎటు మెలి తిరిగి ఉందో అటే తిప్పాలి. నాలుగేసి మెలికలు, తర్వాత కొలత, తర్వాత మూడు బాణాలు. ఒక్కోసారి అంగుళంలో ఎనిమిదో వంతు చాలు. శబ్దం తగ్గుతూ తగ్గుతూ ఒకచోట మళ్ళీ పెరగడం మొదలవుతుంది. ఒక అడుగు వెనక్కి వేస్తే అదే మీ చోటు. దాన్ని పిడి లోపల పెన్సిల్‌తో రాసుకోండి.

ఫ్లెమిష్ అల్లిక నారిని (పోగుల్ని పేని కొసల ఉంగరాలు అల్లినది) వెనక్కి తిప్పుతూ పోకండి, మెలికలు మరీ తగ్గితే అల్లికే విడిపోతుంది. కొత్త నారి మొదటి యాభై, వంద బాణాలకి సాగుతుంది, కాబట్టి ఈ రోజు కొలిచింది వచ్చే ఆదివారం ఉండదు. ఎంత మెలిపెట్టినా చాలకుండా ముడులు పడుతున్నాయంటే నారే పొడుగు. ఆన్‌లైన్‌లో నేను తెప్పించిన ఒకటి అంగుళంన్నర పొడుగొచ్చింది. అమ్మినవాడు "వాడితే సర్దుకుంటుంది" అని జవాబు రాశాడు. వాడిన నారి సాగుతుంది గానీ కురచవదు, అది అతనికీ తెలిసే ఉంటుంది.

బాణం బరువుకీ మోతకీ ఏం సంబంధం?

మొదట చెప్పిన బాకీ లెక్కే. బరువైన బాణం విల్లు దగ్గర ఎక్కువ శక్తి తీసుకుని పోతుంది, తేలిక బాణం తక్కువ తీసుకుంటుంది. మరీ తేలికైతే బాణం లేకుండా ఉత్త నారి వదిలినట్టే, విల్లు పగిలే ప్రమాదం కూడా. ఉత్త నారి లాగి వదలడం ఎప్పుడూ, సరదాకి కూడా, చెయ్యొద్దు.

ఇక్కడివాళ్ళు బాణం బరువుని గ్రెయిన్లలో చెబుతారు. ఒక గ్రెయిన్ 0.065 గ్రాములు. బంగారం తూచే గురివింద గింజలో సగం అనుకోండి. విల్లు ఒక్కో పౌండుకీ కనీసం 8 గ్రెయిన్లు ఉండాలని చాలామంది తయారీదారులు చెబుతారు. నేను 10కి తగ్గను. 45 పౌండ్ల విల్లుకి 450 గ్రెయిన్లు, అంటే 29 గ్రాములు. ఆ పౌండ్లు విల్లు మీద రాసినవి కావు, మీ చేతిలో వచ్చేవి. రాసేది 28 అంగుళాలు లాగితే వచ్చే బరువు. నాలాగా 27 లాగేవాడికి రెండు రెండున్నర పౌండ్లు తగ్గుతాయి.

కార్బన్ బాణం తేలిక. దానికి ముందు బరువైన ఇన్సర్ట్ (మొన బిగించడానికి బాణం గొట్టంలో దూర్చే ముక్క), బరువైన మొన పెడితే సరిపోతుంది, కానీ ముందు బరువు పెరిగితే బాణం ఇంకా మెత్తగా వంగుతుంది, గట్టి బాణానికి మారాల్సి రావచ్చు. చెక్క బాణాలకి ఈ తంటా తక్కువ. వేగం పోతుందని బాధపడే కుర్రాళ్ళకి ఒకటే మాట: 20 గజాల లోపల పది అడుగుల వేగం ఎవరికీ కనబడదు, ఠంగుమనడం మాత్రం అందరికీ వినబడుతుంది.

నాక్ సంగతి?

బాణం వెనక నారి కూర్చునే గాటు. నారికి తగిలించి బాణాన్ని కిందికి వేలాడదీయండి. పడకుండా నిలవాలి, నారి మీద వేలితో చిన్న దెబ్బ వేస్తే ఊడిపడాలి. మరీ వదులైతే మోత, మరీ బిగుతైతే టక్కుమనే చప్పుడు.

ఏ సైలెన్సర్ మంచిది? బీవర్ బొచ్చా, ఉన్నా, రబ్బరా?

మూడూ పనిచేస్తాయి. చేసే పని ఒకటే: నారి ఊగుతున్నప్పుడు వాటి మెత్తని పోగులు గాలినీ తమనీ రుద్దుకుంటూ ఊపుని తినేస్తాయి, పైగా కాస్త బరువు చేర్చి స్వరాన్ని కిందికి దింపుతాయి. మృదంగం ఎడమవైపు రవ్వముద్ద పెడితే నాదం లోతుకి దిగినట్టు.

రబ్బరు మీసాలు చవక, వానకి తడవవు. ఎండకి చీలిపోతాయి, గడ్డకట్టే చలిలో బిర్రబిగుస్తాయి, అందుకే ఏటా మార్చాలి. బీవర్ బొచ్చు నాకిష్టం. నీటిలో బతికే జంతువు కాబట్టి దాని అడుగు బొచ్చు సన్నగా, ఒత్తుగా ఉంటుంది, తొందరగా నీళ్ళు పట్టదు. పావు అంగుళం వెడల్పు, ఆరంగుళాల పొడుగు చర్మపు పట్టీ చాలు. కోసేటప్పుడు చర్మం వైపు నుంచి బ్లేడుతో కోయాలి, కత్తెర పెడితే బొచ్చు తెగి చేతిలోకొస్తుంది. పట్టీ ఒక కొసని నారి పోగుల మధ్య దూర్చి, స్తంభానికి తోరణం చుట్టినట్టు ఏటవాలుగా చుట్టి, రెండో కొసని కూడా పోగుల మధ్య దూర్చేయాలి. ముడి అక్కర్లేదు, నారి బిగువే పట్టుకుంటుంది.

ఉన్ని అన్నిటికన్నా మెత్తన, అన్నిటికన్నా చవక. వానొస్తే దాని గుణం బయటపడుతుంది.

ఉన్ని కుచ్చు ఇంట్లో చేసుకోవచ్చా?

మా అత్తగారు ఆరు నెలలకి వచ్చినప్పుడు మనవరాలికి స్వెటర్ అల్లగా మిగిలిన ఉండ ఉంది, గోధుమరంగు. నేను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని యూట్యూబ్ చూస్తూ అవస్థ పడుతుంటే ఆవిడ కాసేపు చూసి, "జడకుచ్చులేగా బాబూ, ఇలా ఇయ్యి" అని లాక్కున్నారు. అప్పటి నుంచీ మా ఇంట్లో వాటి పేరు జడకుచ్చులే.

చూపుడువేలూ నడిమివేలూ కలిపి వాటి చుట్టూ ఉన్ని ఇరవై, ఇరవై ఐదు చుట్లు చుట్టండి. జారనిచ్చి తీయండి. నారి దింపి, కుచ్చు పెట్టాల్సిన చోట పోగుల్ని మొండి సూదితో రెండు భాగాలు చేసి, చుట్ట మధ్య భాగం అందులో ఉండేలా దూర్చండి. కుచ్చుకి పైనా కిందా మైనం పూసిన డెంటల్ ఫ్లాస్‌తో నాలుగు చుట్లు చుట్టి ముడివేయండి, లేకపోతే వంద బాణాలకి జారుతుంది. నారి ఎక్కించాక చుట్ట అంచులు కత్తిరించి, వేళ్ళతో పీకి పూలబంతిలా విప్పండి. నిలువున ఒక అంగుళం దాటనివ్వకండి. మొదటిసారి నేను బత్తాయికాయంత చేశాను, విల్లుకి దిష్టి తీసినట్టుంది.

నిజమైన ఉన్నే కావాలి. యాక్రిలిక్ నూలు పనిచేస్తుంది గానీ త్వరగా ఉండకట్టి గట్టిపడుతుంది. రంగు మాత్రం ముదురు గోధుమో బూడిదో చూసుకోండి. మా అమ్మాయి పట్టుబట్టి ఒకటి గులాబీరంగులో చేసింది, అది ఇంట్లో గురికి వేసే విల్లు మీద ఉంది.

నారి మీద ఎక్కడ కట్టాలి?

పై చివర నుంచి నాలుగో వంతులో ఒకటి, కింది చివర నుంచి మూడో వంతులో ఒకటి. రెండు వైపులా ఒకే దూరంలో కడితే చూడ్డానికి అందం, పనికి నష్టం.

వీణ పట్టినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. తంతి ఒక్కలాగే ఊగదు. మొత్తం ఒక అలగా ఊగుతుంది, అదే సమయంలో రెండు ముక్కలుగా, మూడు ముక్కలుగా, నాలుగు ముక్కలుగా కూడా ఊగుతుంది. ఒక్కో ఊపుకీ కదలని బిందువులు కొన్ని ఉంటాయి. కదలని చోట కుచ్చు కడితే ఆ స్వరం దానికి దొరకదు. మూడు ముక్కల ఊపుకి మూడో వంతు దగ్గర కదలిక లేదు, అక్కడి కుచ్చు దాన్ని పట్టలేదు, నాలుగో వంతు దగ్గరున్నది పడుతుంది. నాలుగు ముక్కల ఊపుకి నాలుగో వంతు దగ్గర కదలిక లేదు, అది మూడో వంతు కుచ్చుకి దొరుకుతుంది. ఒకటి వదిలింది రెండోది పడుతుందన్నమాట.

కొలిచేటప్పుడు నారి కొసల ఉంగరం నుంచి ఉంగరానికి కాదు, నారి కొమ్మని వదిలి గాల్లోకొచ్చే చోటు నుంచి కొలవండి. ఆ గాల్లో ఉన్న భాగం 52 అంగుళాలైతే పైన 13, కింద 17కి కాస్త ఎక్కువ. అక్కణ్ణుంచి అరంగుళం అటూ ఇటూ జరిపి వినండి, ఎందుకంటే నడిమి సర్వింగ్ (నారి మధ్యలో అరగకుండా చుట్టే దారం) చుట్లు, నాక్ అన్నీ కలిసి లెక్కని కొంచెం చెడగొడతాయి. నారి మధ్యకి దగ్గరయ్యేకొద్దీ మోత బాగా తగ్గుతుంది, వేగమూ తగ్గుతుంది, మధ్యభాగమే అన్నిటికన్నా ఎక్కువ దూరం పరిగెత్తాలి కదా. మూడో జత కట్టాలనిపిస్తే కట్టకండి, మళ్ళీ బ్రేస్ హైట్ కొలవండి.

నారి ఏ దారంది అయితే నెమ్మదిగా ఉంటుంది?

డేక్రాన్, అంటే పాలియెస్టర్ దారం. బి-50, బి-55 అని దొరుకుతుంది. కొద్దిగా సాగుతుంది, ఆ సాగడంలోనే దెబ్బ మెత్తబడుతుంది. 45, 50 పౌండ్లకి 14 పోగులు, ఆపైన 16. 1970లనాటి పాత విల్లు గ్యారేజ్ సేల్‌లో కొన్నవాళ్ళకి ఇది తప్ప వేరే దారి లేదు. ఫాస్ట్ ఫ్లైట్, డి-97 లాంటి సాగని దారాలు ఆ పాత కొమ్మల కొసలని కోసేస్తాయి. కొసలు గట్టిచేసిన కొత్త విల్లుకి సాగని దారం వేసుకుంటే బాణం కాస్త చురుగ్గా పోతుంది, కానీ బ్రేస్ హైట్ సరిగ్గా లేకపోతే మోత పెడసరంగా ఉంటుంది.

దారం ఏదైనా మైనం ముఖ్యం. పోగులు విడివిడిగా ఉంటే ఒకదాన్నొకటి కొట్టుకుని జుయ్యిమంటాయి. మైనం పూసి, తోలుముక్కతో వెచ్చబడేదాకా రుద్దండి, పోగులన్నీ ఒకటవుతాయి. నడిమి సర్వింగ్ మీద మాత్రం పూయకండి.

రికర్వ్ కొసల దగ్గర ఫట్‌మని కొడుతోంది. లాంగ్‌బోకి ఆ బాధ లేదేం?

రికర్వ్ కొసలు ముందుకి వంగి ఉంటాయి కాబట్టి నారి చివర కొన్ని అంగుళాలు కొమ్మ మీదే ఆనుకుని ఉంటుంది. లాగినప్పుడు లేస్తుంది, వదిలినప్పుడు ఠపీమని వచ్చి పడుతుంది, చప్పట్లు కొట్టినట్టు. లాంగ్‌బోకి ఆ ఆనుకోవడమే లేదు. నారి పడే గాడిలో వెల్‌క్రో మెత్తని వైపు సన్నపట్టీ, లేదా పాదాల బొబ్బలకి వేసుకునే మోల్‌స్కిన్ గుడ్డ అతికించండి, రెండంగుళాలు చాలు. రెండు కొమ్మలకీ ఒకే కొలతలో. నారికే ఆ చోట ఉన్ని దారం చుట్టేవాళ్ళూ ఉన్నారు. బ్రష్ బటన్లని రబ్బరు బిళ్ళలొస్తాయి, నారి కొమ్మని కలిసే మూలలో పెడితే గడ్డిపోచలు ఇరుక్కోకుండా ఆపుతాయి, దెబ్బనీ కాస్త మెత్తన చేస్తాయి.

నారి ముంజేతికి తగులుతోంది. అది కూడా మోతే కదా?

మోతే, వాతే. బ్రేస్ హైట్ తక్కువేమో చూడండి, మోచేయి లోపలివైపు ఆకాశం చూస్తోందేమో చూడండి. దాన్ని కొద్దిగా బయటికి తిప్పాలి. చలికాలం మందపాటి జాకెట్ చెయ్యి కూడా నారికి అడ్డం వస్తుంది, ఆర్మ్‌గార్డ్ ఆ బట్టని అణచడానికే ముఖ్యంగా. విరాటుడి కొలువుకి వెళ్ళేముందు అర్జునుడు నారి రాపిడికి కాయలు కాసిన చేతుల్ని గాజులతో దాచుకుంటానన్నాడు. మనం వేసవిలో ఆఫీసుకి పొడుగు చేతుల చొక్కా వేసుకుపోతాం.

వదిలినప్పుడు కాదు, లాగేటప్పుడే చప్పుడొస్తోంది.

బాణం తాను ఆనుకునే పిడి మీది గట్టుని గీక్కుంటోంది. మంచు పట్టిన ఉదయం ఆ గీత గజ్జికుక్క గోక్కున్నట్టు వినిపిస్తుంది. గట్టు మీద, పక్క గోడ మీద బొచ్చుముక్కో వెల్‌క్రో మెత్తనిదో అతికించండి. వదిలినప్పుడు కూడా అక్కడే టక్ అంటే బాణం విల్లుని తన్నుకుంటూ పోతోంది: బాణం గట్టితనం మీ విల్లుకి సరిపోలేదు, లేదా నారి మీద నాక్ కూర్చునే గుర్తు కిందికి ఉంది. ఈకలు లేని బాణం వేసి చూస్తే ఏదో తేలుతుంది.

విల్లుకి తగిలించిన అంబులపొది స్క్రూలు, విడదీసే విల్లుల్లో కొమ్మల్ని పట్టే లింబ్ బోల్టులు కూడా ఓసారి బిగించండి. నారిది అనుకున్న గలగల ఎన్నోసార్లు స్క్రూది.

జ్యోతి సురేఖ, ధీరజ్ విల్లులకి ముందు కడ్డీలుంటాయి. అవి పెట్టుకోకూడదా?

స్టెబిలైజర్లు. సురేఖ వాడేది చక్రాల కాంపౌండ్, బొమ్మదేవర ధీరజ్ వాడేది ఒలింపిక్ రికర్వ్. వాళ్ళు కదలని బోర్డు ముందు, వెలుగులో నిలబడి వేస్తారు. పొదలు, చెట్టు మంచె మధ్య ఆ పొడుగు కడ్డీ దేనికో ఒకదానికి తగులుతుంది. పొట్టి రబ్బరు గుండు పెట్టే చోటు మీ విల్లుకుంటే పెట్టుకోండి, చేతికి తగిలే అదురు తగ్గుతుంది. నారి మోతకి దానివల్ల పెద్ద తేడా రాదు.

బాణం పోతూ పోతూ కూత పెడుతోంది.

ఈకలవల్ల. పెద్ద ఐదంగుళాల ఈకలు, అందులోనూ వెనక నిటారుగా కోసిన షీల్డ్ ఆకారం గాలిని ఎక్కువ కోస్తాయి. వెనక గుండ్రంగా వాలే ఆకారం నెమ్మది. మొనకి కన్నాలుంటే అవీ ఈల వేస్తాయి, కన్నాలు లేని రెండంచుల మొన వేసి చూడండి.

నా విల్లు జింకకి ఎలా వినిపిస్తుందో నాకెలా తెలుస్తుంది?

మీ చెవి నారికి అడుగు దూరంలో ఉంది, అది సాక్ష్యానికి పనికిరాదు. స్నేహితుణ్ణి గురి పక్కన నిలబెట్టి వినమనే పద్ధతి చూశాను, దయచేసి అది చెయ్యకండి. ఫోను రికార్డింగులో పెట్టి, 20 గజాల్లో గురికి బాగా పక్కగా, మందపాటి దుంగ చాటున పెట్టండి. మూడు బాణాలు వెయ్యండి. ఒకటే మార్పు చెయ్యండి. అదే బాణంతో మళ్ళీ మూడు. శబ్దం ఎన్ని కిలోహెర్ట్జ్‌లో ఉందో బొమ్మ గీసి చూపించే ఉచిత ఆప్‌లు దొరుకుతాయి, 4 పైన ఉన్న గుట్ట కుంగిందా లేదా అన్నదే చూడాల్సింది. రెండు మార్పులు ఒకేసారి చేసినవాడు మళ్ళీ నాకే క్లిప్పు పంపిస్తాడు.

మన కథల్లో ధనుష్టంకారం అంటే వీరుడి గొప్ప కదా, మనమేమో దాన్ని చంపుతున్నాం?

అక్కడ శత్రువు వినాలనే మోగించేది. గోగ్రహణంలో గాండీవం మోతకి సొంత రథం మీదున్న ఉత్తరకుమారుడే వణికిపోయాడు, అవతల ద్రోణుడు వచ్చింది ఎవరో పోల్చుకున్నాడు. యుద్ధానికి అది సరే. వేటలో మాత్రం శబ్దవేధి విద్య జింక దగ్గరుంది, మన దగ్గర లేదు. దశరథుడికి వచ్చిన ఆ విద్య ఆయనకి ఏం తెచ్చిందో తెలిసిందే.

వానలో తడిస్తే?

ఉన్ని నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, బాణం కిందికి పడుతుంది. 15 గజాల్లో పెద్దగా తెలియదు, 25లో తెలుస్తుంది. వేటకి వెళ్ళేముందు ఇంటి దగ్గర కావాలని కుచ్చులు తడిపి పది బాణాలు వేసి చూసుకోండి. తడిస్తే విల్లుని పక్కకి తిప్పి, నారిని రెండు వేళ్ళతో మెల్లగా మీటితే సగం నీళ్ళు చిందిపోతాయి. నేనైతే వాన సూచన ఉంటే బీవర్ బొచ్చు కట్టిన రెండో నారి ఎక్కించుకుని పోతాను. ఇక ఉన్నికి పల్లేరుకాయల్లాంటి ముళ్ళగింజలు అంటుకుంటే కారులోనే కూర్చుని ఏరేయండి. ఒక్క గింజ ఉన్నా టిక్కుమంటుంది.

సీజన్ అయ్యాక ఎలా దాచాలి?

నారి దింపేయండి, విల్లుని అడ్డంగా రెండు మేకుల మీద పెట్టండి, గోడకి వాల్చొద్దు, వేసవిలో కారు డిక్కీలో అసలే వద్దు. బొచ్చు, ఉన్ని కుచ్చులకి పురుగు పడుతుంది. ఒక ఏడాది మే నెలలో తీసి చూస్తే నా బీవర్ పట్టీ మీద బొచ్చు లేదు, ఉత్త తోలు మిగిలింది. మనకి అలవాటు కదా అని పట్టుచీరల బీరువాలోలాగా కలరా ఉండలు వేశాను. పురుగు పోయింది. అక్టోబరులో చెట్టెక్కి కూర్చుంటే ఆ వాసన నాకే ముక్కు పగలగొట్టింది, ఆ రోజు ఉడత కూడా నా దరిదాపులకి రాలేదు. ఇప్పుడు నారిని జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో గాలి తీసి మూసి, ఎండిన దేవదారు చెక్కముక్క ఒకటి పడేసి, ఫ్రీజర్‌లో కరివేపాకు పొట్లం పక్కన పెడుతున్నాను.